మీకు తెలుసా? లేబుల్‌కి కూడా రుచి ఉంటుంది!

క్యారెట్ ముక్కకి కంపెనీ పేరేమిటండీ అంటున్నారా? పిల్లల్ని అడగండి! అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మూడు నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు 63 మందిని కూర్చోబెట్టారు. క్యారెట్లు పెట్టారు. సగం మామూలు తెల్ల కాగితంలో. సగం మెక్‌డొనాల్డ్స్ కాగితంలో! రెండూ తిని ఏది బాగుందో చెప్పమన్నారు. చిట్టి వేళ్లు ఎక్కువగా ఎటు చూపించాయో ఊహించండి. మెక్‌డొనాల్డ్స్ వైపే! నిజానికి ఆ క్యారెట్లు ఆ హోటల్లోవి కానే కావు. కిరాణా కొట్లో కొన్నవి! పాలు ఇచ్చి చూసినా అదే తీర్పు! ఇంకా సరిగ్గా చదవడం రాని వయసు. కాగితం మీద బొమ్మ చూశారు, రుచి తేల్చేశారు!

పసివాళ్లు కదా, వాళ్లకేం తెలుసంటారా? అయితే పెద్దవాళ్ల సంగతి వినండి! కాలిఫోర్నియాలో కొందర్ని మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, సన్నటి గొట్టంతో నోట్లోకి వైన్ చుక్కలు వదిలారు. ఒకే వైన్‌ని రెండుసార్లు ఇచ్చారు. ఒకసారి సీసా పది డాలర్లన్నారు. ఇంకోసారి 90 డాలర్లన్నారు. అంతే! 90 డాలర్లన్నదానికే ఎక్కువ మార్కులు పడ్డాయి. మొహమాటానికి చెప్పారనుకునేరు! సంతోషం కలిగినప్పుడు చురుగ్గా మారే భాగం మెదడులో నిజంగానే ఎక్కువ వెలిగింది. ధర వినగానే లోపల ఆనందమే పెరిగిపోయింది!

కోకా కోలా, పెప్సీ మీద కూడా ఇలాంటి పరీక్షే జరిగింది. హ్యూస్టన్‌లో 67 మందికి తాగించారు. పేర్లు దాచి ఇస్తే ఇటు సగం, అటు సగం ఓట్లు! కోక్ అని చూపించి ఇచ్చినప్పుడు మాత్రం మెదడులో జ్ఞాపకాలు దాచుకునే చోటు చురుకైంది! పెప్సీ పేరు చూపిస్తే అంత కదలిక లేదు. అంటే ఆ గుక్కలో నీళ్లు, పంచదార, గ్యాస్‌తో పాటు పాత జ్ఞాపకం కూడా గొంతు దిగుతోందన్నమాట!

ఆ జ్ఞాపకాన్ని ముట్టుకుంటే ఏమవుతుందో తెలుసా? 1985లో కోకా కోలా కంపెనీ రుచి మార్చింది. ఊరికే మార్చలేదు. దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించి, బాగుందనిపించుకుని మరీ మార్చింది! తీరా బజార్లోకి వచ్చేసరికి జనం మండిపడ్డారు. ఫోన్లు! ఉత్తరాలు! మా కోక్ మాకిచ్చేయండంటూ ఒకటే గోల! సరిగ్గా 79 రోజులకి పాత రుచి తిరిగొచ్చింది. కొత్త రుచి బాగుందన్నదీ జనమే, వద్దు పొమ్మన్నదీ జనమే!

కోక్ సీసా కథ ఇంకా ముద్దొస్తుంది. కళ్లు మూసుకుని చీకట్లో తడిమినా ఇది కోక్ సీసాయే అని తెలియాలి. నేలమీద పగిలి పడ్డా, ముక్క చూసి గుర్తుపట్టాలి. అలాంటి సీసా చేయండని కంపెనీ పోటీ పెట్టింది! 1915లో నడుము దగ్గర వంపు తిరిగిన సీసా పుట్టింది. వందేళ్లు దాటినా ఆ వంపు పోలేదు!

డబ్బా మీద బొమ్మ మారితే? ట్రాపికానా నారింజ రసం డబ్బా మీద స్ట్రా గుచ్చిన పండు ఉండేది. 2009లో అమెరికాలో పండు తీసేసి గ్లాసు బొమ్మ వేశారు. లోపల అదే రసం! అయినా రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు 20 శాతం పడిపోయాయి! అరలో ఎదురుగా ఉన్నా జనం గుర్తుపట్టలేకపోయారు. పండు మళ్లీ డబ్బా ఎక్కేసింది!

నైకీ బూట్ల మీద ఆ టిక్కు గుర్తు ఉంది చూశారూ? 1971లో పోర్ట్‌లాండ్‌లో చదువుకుంటున్న కెరొలిన్ డేవిడ్‌సన్ అనే అమ్మాయి గీసింది. దానికి ఆమె తీసుకున్నది ఎంతో తెలుసా? 35 డాలర్లు! తర్వాత కంపెనీ ఆమెకి ఉంగరం, షేర్లు ఇచ్చి గౌరవించిందిలెండి!

మన దేశంలో ఇంకో ముచ్చట! ఏషియన్ పెయింట్స్ డబ్బా మీద జుట్టు కళ్లమీద పడుతూ, చేతిలో బ్రష్షు పట్టుకున్న అల్లరి పిల్లాడు గుర్తున్నాడా? గీసింది ఆర్.కె. లక్ష్మణ్! పేరు పెట్టింది మాత్రం జనమే. పోటీ పెట్టి, 500 రూపాయల బహుమతి ప్రకటించారు. అలా పుట్టిన పేరే గట్టు! రంగు కొనడం పెద్దల పనే కానీ, ఆ పిల్లాడు ఏళ్ల తరబడి ఇంటింటికీ చుట్టమైపోయాడు!

తెల్లగౌను పాపాయి గిరగిరా తిరిగే నిర్మా పొట్లం ఎవరికి గుర్తుండదు? అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ 1969లో ఇంటి పెరట్లో పొడి కలిపి, సైకిల్ మీద తిరిగి అమ్మాడు. పేరు ఎక్కడిదో తెలుసా? కూతురు నిరుపమది! నాన్న ప్రేమ ఇంటింటి బట్టల సబ్బుపొడి అయిపోయింది!

మరి మన తెలుగువాళ్లు తక్కువ తిన్నారా? తలనొప్పి రాగానే చేయి వెళ్లే ఆ పసుపు సీసా, అమృతాంజనం, 1893లో బొంబాయిలో పుట్టింది. పుట్టించింది కృష్ణా జిల్లా ఎలకుర్రు బిడ్డ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు! సంగీత కచేరీలకి వెళ్లి ఉచితంగా పంచేవారు. రాసుకున్నవాళ్లు మర్నాడు అంగడికి వెళ్లి అడిగేవాళ్లు! టీవీ లేదు, రేడియో లేదు. ఆ రోజుల్లోనే ఎంత ముందుచూపో చూడండి! ఆ బామ్ తెచ్చిన డబ్బే ఆయన పెట్టిన ఆంధ్రపత్రికకి అండ అయింది. బ్రాండు కట్టడంలో నా దృష్టిలో మనకి ఆయనే గురువు!

నన్నడిగితే అన్నిటికన్నా గొప్ప బ్రాండు ముచ్చట మాత్రం సినిమాలో ఉంది. కృష్ణుడంటే మీ కళ్లముందు ఎవరు నిలబడతారు? ఎన్టీఆరే కదూ! కానీ 1956లో వచ్చిన ‘సొంత ఊరు’లో ఆయన కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు! అవును, మీరు చదివింది నిజమే! అందుకే మరుసటి ఏడాది ‘మాయాబజార్’లో ఆ వేషం అనగానే ఆయన వెనకాడారు. దర్శకుడు కె.వి. రెడ్డి వదల్లేదు. దుస్తుల దగ్గర్నుంచి నిలబడే తీరు దాకా ప్రత్యేకంగా చూసుకుంటానని మాటిచ్చి ఒప్పించారు. మనిషి అదే మనిషి! ముఖం అదే ముఖం! ఈసారి హాళ్లు హారతులు పట్టాయి. ఆ తర్వాత ఎన్నో సినిమాల్లో ఆయనే కృష్ణుడు! ఆ రూపం క్యాలెండర్లకెక్కి దేవుడి గదుల్లో చేరింది. మరో నటుడు పింఛం పెట్టుకుంటే ఇప్పటికీ మనం ఆయనతోనే పోల్చి చూస్తాం!

ఒకే చొక్కాతో గుర్తుండిపోవడం మరో కిటుకు! యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ ఎప్పుడూ మెడదాకా ఉన్న నల్ల టీషర్టులోనే కనిపించేవాడు. జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే అవి కుట్టించి ఇచ్చాడు. ఎన్ని? దాదాపు 100! జీవితాంతం సరిపోతాయని జాబ్సే మురిసిపోయాడట!

పండ్ల బండి మీద కివీ చూశారుగా? దాని పాత పేరు చైనీస్ గూస్‌బెర్రీ! అమెరికాకి పంపాలంటే ఆ పేరు అడ్డమొచ్చింది. న్యూజిలాండ్ వ్యాపారులు 1959లో తమ దేశపు పిట్ట పేరు తగిలించారు. పండు మారలేదు, గింజ మారలేదు. అమ్మకం మారిపోయింది!

తిరుపతి లడ్డు పేరుకి చట్టం కాపలా ఉందని తెలుసా? 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ వీధి మిఠాయి కొట్టువాడు ఎంత బాగా చుట్టినా, ఆ పేరు పెట్టి అమ్మడానికి వీల్లేదు!

ఇక మీ వంతు! ఈ ఆదివారం ఒకే డికాక్షన్‌తో రెండు గ్లాసుల కాఫీ కలపండి. ఒకటి మామూలు పొడి అని చెప్పండి. రెండోది బాగా ఖరీదైన కంపెనీదని చెప్పండి. ఇంటిల్లిపాదికీ ఇచ్చి, ఎవరెవరు ఏ గ్లాసుకి ఓటేశారో మాకు తప్పకుండా రాసి పంపండి!