థీసిస్ రాసుడు కంటే ముందు ప్రశ్న దొరకాలె

మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దిక్కు పోతుంటే గల్లీ గోడల నిండ కోచింగ్ బోర్డులే. జావా, పైథాన్, డేటా సైన్స్. వాటి నడుమ ఇంకో రకం బోర్డులు కూడా కనవడ్తయి: ఎంటెక్ ప్రాజెక్టులు చేసిస్తం అని. పైసలు కడితే కోడ్ ఇస్తరు, రిపోర్టు ఇస్తరు, వైవాల ఏమడిగితే ఏం చెప్పాల్నో అదీ నేర్పిస్తరు.

గీ తొవ్వ పట్టే పిల్లలంతా బద్దకపోళ్లు అనుకుంటే తప్పు. ఊరు ఇడిసిపెట్టి వచ్చి, హాస్టల్ల ఉండి, ఇంటిల్లిపాదిల మొదటిసారి పీజీ దాక వచ్చినోళ్లు కూడా వాళ్లల్ల ఉన్నరు. థీసిస్ అంటే ఏంది, ఎక్కడ షురూ చెయ్యాలె అని వాళ్లను కూసోవెట్టి చెప్పినోళ్లు లేరు. ఆఖరి సెమిస్టర్ మీదికొచ్చినంక పరేషాన్ అయి బోర్డు మీది నంబర్‌కు ఫోన్ కొడ్తరు. గందుకే ఈ ముచ్చట జర ముందుగాలనే చెప్పుకోవాలె.

ప్రాజెక్టుకు, థీసిస్‌కు ఫరక్ ఉన్నది. యాప్ కట్టిన్రు, అది నడిచింది అంటే ప్రాజెక్టు అయిపోయినట్టే. థీసిస్‌కు అది సరిపోదు. దాంట్ల ఒక ప్రశ్న ఉండాలె, దానికి రుజువుతోని జవాబుండాలె. వంద పేజీలు నింపుడు ఎట్ల అని రంది పెట్టుకుంటరు గానీ, అసలు కష్టం మొదటి పేజీల రాసే ఆ ఒక్క ప్రశ్న కాడనే ఉంటది.

ప్రశ్నను సన్నగ చెయ్యాలె

మన కండ్ల ముందటి ఉదాహరణే తీసుకుందాం. మలక్‌పేట గంజ్‌కు ఉల్లిగడ్డ లారీలు వస్తయి. ‘వ్యవసాయంల మెషీన్ లెర్నింగ్’ అని టాపిక్ పెట్టుకుంటే అది సముద్రం, ఈదలేం. ‘ఉల్లిగడ్డ రేటు అంచనా’ అంటే చెరువైంది, ఇంకా పెద్దగనే ఉన్నది. ‘మలక్‌పేట మార్కెట్ల ఉల్లిగడ్డ రేటును వారం ముందుగాల అంచనా కట్టేటప్పుడు, మన మార్కెట్ పాత రేట్లకు తోడు నాసిక్ జిల్లా లాసల్‌గావ్ రేట్లు కూడా కలిపితే లెక్క మెరుగైతదా?’ అంటే ఇగ బాయి దొరికినట్టు. అయితదా, కాదా అని తేల్చొచ్చు. కాదు అని తేలినా అది థీసిసే. జవాబు మనకు నచ్చినట్టు రావాల్నని ఎక్కడా లేదు.

ప్రశ్న సక్కగున్నదా లేదా అని చూసుకోనీకి ఒక అల్కటి పరీక్ష ఉన్నది. ఇంగ్లిష్ పక్కనపెట్టి, ఇంట్ల అమ్మకు చెప్పుండ్రి. గంజ్‌ల ఉల్లిగడ్డ అమ్మే మనిషికి చెప్పుండ్రి. ఆయన ‘అవునే, గది తెలిస్తే మాకు ఫాయిదనే’ అన్నా, ‘గట్ల కాదు బిడ్డా, రేటు గిట్ల తిరుగుతది’ అన్నా మీకు లాభమే. మన మాటల్ల చెప్పరాకుంటే ఇంగ్లిష్ రాక కాదు, ప్రశ్న ఇంకా సమజ్ కాక.

డేటా చూసినంకనే పేరు పెట్టాలె

శానమంది ముందుగాల టైటిల్ ఖరారు చేస్తరు, ఆరు నెలలైనంక డేటా లేదని తలకాయ పట్టుకుంటరు. ఉల్టా చెయ్యాలె. మండీల రోజువారీ రేట్లను కేంద్ర సర్కారు అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌ల పెడ్తది. ఎంత సరుకొచ్చింది, తక్కువ రేటెంత, ఎక్కువ రేటెంత, మామూలుగ నడిసిన రేటెంత అని ఉంటది. మలక్‌పేట గంజ్‌కు కాయిదాల మీద పేరు మహబూబ్ మాన్షన్ మార్కెట్. గిసొంటి సంగతి తెల్వకుంటే ఉన్న డేటా కూడా లేనట్టే అనిపిస్తది.

దిగినంక వారం రోజులు ఉత్తగ చూడుండ్రి. ఏ రోజులు ఖాళీగున్నయి? మార్కెట్ బందా, ఎక్కియ్యలేదా? క్వింటాల్‌కు 2,000 రూపాయలు ఉండాల్సిన కాడ 20 పడ్డదా? ఆ లొసుగులన్నీ నోట్‌బుక్‌ల రాసుకోవాలె. రేపు థీసిస్‌ల డేటా అధ్యాయం అదే.

చదువుడు ఎట్ల?

గూగుల్ స్కాలర్ ఉచితం. 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్‌ల పేపర్లు ఉచితం. ఐఈఈఈ పేపర్లకు కాలేజీ లైబ్రరీ లాగిన్ ఉంటదేమో అడగాలె. మన దేశంల పీహెచ్‌డీ థీసిస్‌లను గాంధీనగర్‌ల ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు ‘శోధ్‌గంగ’ల అందరికీ అందుబాట్ల పెడ్తున్నరు. ఓ నాలుగు తెరిచి చూస్తే థీసిస్ రూపం ఎట్లుంటదో సమజ్ అయితది.

ప్రతి పేపర్‌ను మొదటి అక్షరం నుంచి చదవాల్సిన పని లేదు. సారాంశం, ముగింపు, పట్టికలు చూసి, పనికొస్తదంటేనే లోపలికి పోవాలె. ఒక పట్టిక గీసుకోవాలె: వాళ్ల ప్రశ్న ఏంది, డేటా ఏంది, పద్ధతి ఏంది, ఏం మిగిలింది. ముప్పై పేపర్లయ్యేసరికి ఆ ఆఖరి గడిలనే మీ జాగ కనవడ్తది.

ఎవలితోని పోల్చినవ్?

గైడ్ అడిగే గట్టి ప్రశ్న ఇదే. రేటు అంచనాల అన్నిటికంటే సాదాసీదా పద్ధతి ఒకటున్నది: ఇయ్యాల్టి రేటే వచ్చే వారం కూడా ఉంటది అనుడు. దానికి కంప్యూటర్ కూడా అక్కర లేదు. మీ పెద్ద మోడల్ దీన్ని గెలవకుంటే ఎన్ని పొరల న్యూరల్ నెట్‌వర్క్ పెట్టినా దండుగ. అందుకే ముందుగాల దీని తప్పెంతో కొలిచి పెట్టుకోవాలె.

ఇంకో మోసం తెల్వకుంటనే జరుగుతది. అన్ని తారీఖుల రేట్లను కలగలిపి కొన్నిటితోని నేర్పి, కొన్నిటి మీద పరీక్ష పెడ్తరు. అప్పుడు మోడల్ ఎల్లుండి రేటు చూసి రేపటి రేటు చెప్పినట్టయితది. పాత ఏండ్లతోని నేర్పాలె, తర్వాతి ఏడాది మీద పరీక్ష పెట్టాలె.

శాతం అంకెలు చూసి కూడా మురవొద్దు. 1,000 లావాదేవీలల్ల 10 మోసాలున్నయనుకోండ్రి. ‘ఏదీ మోసం కాదు’ అని కండ్లు మూసుకొని చెప్పినా 990 సరిగ్గనే వస్తయి, 99 శాతం మార్కులు. పట్టిన మోసాలు మాత్రం సున్న.

మోడల్‌కు తెల్వనిది కూడా రాయాలె. 2023 డిసెంబర్‌ల కేంద్రం ఉల్లిగడ్డ ఎగుమతులు బంద్ చేసింది. పాత రేట్లు ఎంత చదివినా మోడల్‌కు ఆ హుకుం ముందుగాల ఎట్ల తెలుస్తది? గీ మాట దాచుకోకుండ రాసినోళ్ల థీసిస్‌కే విలువ.

కాపీ లెక్క

యూజీసీ 2018ల నియమాలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలలు మించకుండ ఇచ్చిన గడువుల సవరించి మళ్ల ఇయ్యాలె. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇయ్యనియ్యరు. 60 దాటితే ఆ కోర్సు రిజిస్ట్రేషనే రద్దు. మీ యూనివర్సిటీ రూల్ ఇంకా గట్టిగ ఉండొచ్చు, అడిగి తెలుసుకోండ్రి. కొన్న రిపోర్టు ఇంకెంతమందికి అమ్మిన్రో మీకేం తెలుసు?

ఏఐ చాట్ సాధనాలను ఇంగ్లిష్ సాఫు చేసుకోనీకి వాడుదామనుకుంటే గైడ్‌ను అడిగి, వాడిన సంగతి థీసిస్‌ల చెప్పి వాడాలె. అవి లేని పేపర్లను ఉన్నట్టు, రచయితల పేర్లతోని సహా పుట్టిస్తయి. మీరు తెరిచి చదవని పేపర్ మీ జాబితాల ఉండొద్దు.

రాసుడు ఆఖరికి పెట్టుకోవద్దు. డేటా చూసిన వారంల డేటా అధ్యాయం, ప్రయోగం చేసిన వారంల పద్ధతుల అధ్యాయం రాసుకుంట పోవాలె. పరిచయం ఆఖరికి రాస్తే నడుస్తది. కోడ్ గిట్‌ల ఉండాలె, ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే నమ్మొద్దు.

పైసలు పెడితే పుట్ట రిపోర్టు దొరుకుతది గానీ, వైవాల బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ‘ఇది ఎందుకు చేసినవ్ బిడ్డా?’ అంటే జవాబు దాంట్ల ఉండదు. రేపు కొలువు ఇంటర్వ్యూల అడిగేది కూడా అదే. ఉల్లిగడ్డ లారీల పొంటి పది రోజులు తిరిగిన పిల్లకు ఆ ప్రశ్నంటే భయముండదు. ఎందుకు చేసిందో ఆమెకు మొదటి దినం నుంచి ఎర్కనే గదా.