వార్తల్లో పదం: స్ట్రైక్ ఆఫ్

కంపెనీల రిజిస్టర్ నుంచి పేరు కొట్టేయడమే స్ట్రైక్ ఆఫ్. 2013 కంపెనీల చట్టం 248వ సెక్షన్ ఈ అధికారాన్ని రిజిస్ట్రార్‌కు ఇచ్చింది. రెండేళ్లుగా వ్యాపారం చేయక, నిద్రాణ హోదా కూడా కోరని కంపెనీకి ముందు నోటీసు వస్తుంది. సరైన జవాబు లేకపోతే పేరు పోతుంది. 2017లో ఇలా 2 లక్షలకు పైగా కంపెనీలు ఎగిరిపోయాయి.

ఇదంతా హైటెక్ సిటీ వాళ్ల గొడవ అనుకుంటే పొరపాటే. కాటారం లాంటి మండలాల్లో రైతులు కలిసి పెట్టుకునే ఉత్పత్తిదారుల కంపెనీకీ ఇదే చట్టం. ‘లావాదేవీలే లేవు, లెక్కలెందుకు?’ అన్న ధీమాయే కొంప ముంచుతుంది. నష్టమొచ్చినా, పైసా ఆదాయం లేకున్నా కంపెనీ ఆదాయపన్ను రిటర్ను వేయాల్సిందే. రిజిస్ట్రార్‌కు ఇవ్వాల్సిన వార్షిక పత్రాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుం 2018 జులై నుంచి అమల్లోకి వచ్చింది. వరసగా మూడేళ్లు ఎగ్గొడితే డైరెక్టర్లు ఐదేళ్లపాటు అనర్హులు.

మరి చిట్టాలే సరిగా లేకపోతే? బ్యాంకు స్టేట్‌మెంటుతో మొదలుపెట్టాలి. ఆదాయపన్ను శాఖ 26ఏఎస్ పత్రం, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలుదారుల దగ్గరున్న బిల్లులు జతచేస్తే ఖాతాలు చాలావరకు తిరిగి కట్టొచ్చు. కాస్త విసుగు పనే. చేయకపోతే మాత్రం, పన్ను అధికారి తనకు దొరికిన సమాచారంతోనే లెక్క తేలుస్తారు. అందులో ఖర్చులు చూపించే కాగితం ఉండదు.

పేరు కొట్టేశాక కంపెనీ, వాటాదారు లేదా అప్పిచ్చినవారు పేరు తిరిగి చేర్చాలని 20 ఏళ్లలోపు జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. తెలంగాణ కంపెనీలకు హైదరాబాద్ బెంచ్ ఉంది. పాత పత్రాలన్నీ రుసుంతో దాఖలు చేయాలన్న షరతు మామూలే. పేరు పోయినా డైరెక్టర్ల బాధ్యత మాత్రం పోదు.