కోడి బిట్టు, కొమ్ముల బిట్టు

అండమాన్ దీవుల్లోని చౌల్దారీలో మా ఇంట్లో సినిమాని పేరు పెట్టి అడిగేవాళ్లు తక్కువ. "ఆ కోడి బిట్టు ఎయ్యరా" అంటుంది మా పిన్ని. "చైను పీకే సీనుందేటి?" అంటాడు పక్కింటి మావయ్య. సినిమా పేరు, వచ్చిన ఏడాది, తీసినవాళ్ల పేరు తర్వాత మెల్లగా గుర్తొస్తాయి. ముందు గుర్తొచ్చేది ఆ మూడు నిమిషాల ముక్క.

ఈ అలవాటు తెలుగువాళ్లందరిలోనూ ఉంది. దీవుల్లో అది గట్టిపడడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమయ్యేదాకా అండమాన్‌లో ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే నడిచేది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ తీగ రాకముందు ఫోన్లో పూర్తి సినిమా దించుకోవాలంటే రాత్రంతా కాచుక్కూర్చోవాలి. అందుకని చిన్న ముక్కలే చేతులు మారేవి. విశాఖ నుంచి ఓడలో మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చిన చుట్టాల మెమరీ కార్డుల్లో ఆవకాయ జాడీతో పాటు అవీ దిగేవి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. మాలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ వైపువి. సొంతూరిని ముక్కలుగా గుర్తుంచుకోవడం అలవాటైన వాళ్లకి సినిమాని ముక్కలుగా దాచుకోవడం కొత్తేమీ కాదు.

అయితే రెండున్నర గంటల సినిమాలో ఒక్క ముక్కే ఎందుకు నిలుస్తుంది? స్థలాభిమానం వల్ల అనుకుందామా? మా దీవుల పేరే పెట్టుకున్న 'అందమాన్ అమ్మాయి' 1979లో వచ్చింది. అక్కినేని, వాణిశ్రీ నటించారు. అయినా మా ఇంట్లో అడిగి వేయించుకునే బిట్లలో దానివి లేవు. కారణం మరెక్కడో ఉంది. మళ్లీ మళ్లీ అడిగే బిట్లను ఒక్కొక్కటే తీసి చూస్తే అది దొరుకుతుంది.

పిన్ని అడిగే కోడి 'అహ నా పెళ్లంట!'లోది. ఆదివిష్ణు నవల 'సత్యంగారిల్లు' ఆధారంగా జంధ్యాల 1987లో తీశారు. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు పైనుంచి ఒక కోడిని వేలాడదీసి, దాన్నే చూస్తూ ఉత్త అన్నం తింటాడు. కథ ఒక్క అంగుళం ముందుకు కదలదు. తీసేస్తే కథకి వచ్చే లోటేమీ లేదు. కానీ ఆ మనిషి మొత్తం అక్కడే ఉన్నాడు. కోట ముఖం చూడండి. రుచి మీద విరక్తి ఉన్నవాడి ముఖం కాదది. కోడికూర మీద అతనికి ఎంత ఆశ ఉందో ప్రతి ముద్దలోనూ తెలుస్తుంది. ఆశ లేనివాడు కోడిని కట్టుకోడు. ఆశా, పైసా వదలని గుణమూ ఒకే కంచం దగ్గర కూర్చున్నాయి కాబట్టి నవ్వొస్తుంది. ఆ నవ్వులో కొంచెం జాలి కూడా కలుస్తుంది. ఈ బిట్టుకి మాట సాయం కూడా అక్కర్లేదు. మా వీధిలో తెలుగు ఒక్క ముక్క రాని బెంగాలీ పెద్దావిడ అది చూసి కళ్లు తుడుచుకునేంత నవ్వింది. 2025 జులైలో కోట కన్నుమూశారని తెలిసిన రాత్రి మా ఇంట్లో అందరం మళ్లీ చూసింది ఆ కోడినే.

మావయ్య అడిగే చైను 'శివ'లోది. 1989 అక్టోబరులో విడుదలైన రామ్‌గోపాల్ వర్మ తొలి సినిమా అది. కాలేజీలో కొట్లాట మొదలవబోతుండగా నాగార్జున సైకిల్ దగ్గరికి వెళ్లి ఒక్క గుంజుతో చైను లాగేస్తాడు. సైకిల్ తొక్కిన ప్రతివాడికీ చైనుతో పాత పరిచయముంది. ఎత్తు ఎక్కుతుంటే జారిపోతుంది, ఎక్కించబోతే వేళ్లకి మడ్డి అంటుతుంది. చైనుని పూర్తిగా ఊడదీయాలంటే లింకు విప్పాలి. ఒక్క గుంజుతో వచ్చేది కాదు. ఆ సంగతి చూసేవాళ్లకీ తెలుసు, అయినా నమ్మారు. రోజూ తమని ఏడిపించే వస్తువు ఒకడి చేతిలో ఆయుధంగా మారుతుంటే నమ్మాలనే అనిపించింది. కత్తో తుపాకో అయితే ఇంతకాలం గుర్తుండేది కాదేమో. అవి సినిమా వస్తువులు. చైను మన వాకిట్లోది.

ఇక కొమ్ములు. 2006లో భాస్కర్ తీసిన 'బొమ్మరిల్లు'లో హాసినిగా జెనీలియా తల సిద్ధార్థ్ తలకి తగులుతుంది. ఒక్కసారే తగిలితే కొమ్ములొస్తాయని ఆ పిల్ల ఇంకోసారి ఢీకొట్టమంటుంది. ఈ నమ్మకాన్ని ఏ రచయితా కొత్తగా పుట్టించలేదు. తెలుగిళ్లలో చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ల తలలు తగిలితే అమ్మమ్మలు చెప్పే మాటే. సినిమా దాన్ని ఒక పెద్ద పిల్ల నోట పెట్టింది. దాంతో ఆ పిల్ల ఎలాంటిదో వివరించే పని మొత్తం తప్పిపోయింది. తనలోని చిన్నపిల్లని ఎక్కడా వదిలిపెట్టి రాలేదని ఒక్క పట్టింపుతో తెలిసిపోయింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే జవాబు కనబడుతుంది. కోడి, చైను, కొమ్ముల మాట మూడూ సినిమా కంటే ముందే మన ఇంట్లో ఉన్నవి. చిన్న సీను పెట్టుబడి అదే. ప్రేక్షకుడి దగ్గరున్న దాన్నే కాసేపు అప్పు తీసుకుని, కొత్త మెరుపుతో తిరిగి ఇస్తుంది. కాబట్టే ఆ సీను మనదనిపిస్తుంది.

అప్పు తెచ్చేది వస్తువునే కానక్కర్లేదు. తెలిసిన కథనీ తేవచ్చు. 1957లో వచ్చిన కె.వి.రెడ్డి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె ఉంది. తెరిచి చూసినవాళ్లకి తమకి అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకి అభిమన్యుడు కనబడతారు. కృష్ణుడు చూస్తే శకుని ప్రత్యక్షమవుతాడు. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. కానీ శకుని ఎవరో, జూదంతో మొదలైనది ఏ యుద్ధంతో తీరిందో తెలియని తెలుగువాడు లేడు. కృష్ణుడు పూనుకున్న పనికి శకుని ఎంత అవసరమో ఆ క్షణంలో మనకే తడుతుంది. తెర మీద ఉన్నది ఒక చిన్న పెట్టె. దాన్ని కురుక్షేత్రమంత చేసేది మనం వెంట తీసుకెళ్లిన భారతం.

ఇక్కడో పేచీ ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. ఇంటి నుంచి ఏమీ తెచ్చుకోకపోయినా గుండెని పట్టేసే సీన్లున్నాయి కదా? ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ రకమే. కె.విశ్వనాథ్ 'సాగరసంగమం' (1983)లో మాధవి తెచ్చిన నృత్యోత్సవ ఆహ్వానపత్రికని బాలు పేజీ తర్వాత పేజీ తిప్పుతాడు. పెద్ద పెద్ద కళాకారుల ఫొటోలు చూసి భక్తిగా పొంగిపోతాడు. ఇంకో పేజీ తిప్పితే తన ఫొటో. బాలుగా కమల్ హాసన్ ముఖంలో ముందు నమ్మకం కుదరదు, తర్వాత లోపల ఏదో తెగుతుంది.

ఆ ముక్కని ఒకసారి మెమరీ కార్డులోంచి మా తమ్ముడి కొడుక్కి చూపించాను. వాడు మర్యాదగా చూసి ఊరుకున్నాడు. తప్పు వాడిది కాదు. పెళ్లిళ్ల వంటల దగ్గర కష్టపడే తల్లి, సినిమా డాన్సుల దగ్గర చిన్నబోయిన బాలు విద్య, వాటన్నిటినీ మోసుకుంటూ వచ్చినవాళ్లకే ఆ పేజీ బరువు తెలుస్తుంది. ఇంకో సంగతి సినిమాలో ఆ తర్వాత జరిగేది చూస్తేగానీ తెలియదు. తల్లి చావుతో బాలు ఆ ఉత్సవంలో ఆడలేకపోతాడు. అంటే అతని జీవితంలో ఆ పెద్ద వేదిక ఆ కాగితం మీదే జరిగింది. రెండోసారి చూసేటప్పుడు ఆ సంతోషం కంటే ముందు ఈ సంగతే గుర్తొస్తుంది. అందుకే రెండోసారి ఏడుపు మరీ ఎక్కువ.

కాబట్టి అభిమానులు ప్రాణంగా చూసుకునే సీన్లు రెండు రకాలు. ఒక రకానికి కావలసింది మన ఇల్లు ఇస్తుంది. అవి సద్దిమూటలాంటివి, ఎక్కడ విప్పినా ఆకలి తీరుస్తాయి. రెండో రకానికి కావలసింది ఆ సినిమాయే అంతదాకా కూడబెట్టి ఇస్తుంది. అవి చెట్టు మీది పండ్లు. కోసి పంపితే రంగు చేరుతుంది, రుచి చేరదు. మెమరీ కార్డుల రోజుల్లో మా దగ్గరికి మొదటి రకమే ఎక్కువగా వచ్చింది. బాలు చేతిలో పత్రికని నేను పూర్తిగా అర్థం చేసుకున్నది కేబుల్ వచ్చాక, సినిమా మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగిన చూసిన రోజున. ఇప్పుడు దేశమంతటా ఫోన్లలో ముక్కలే చూస్తున్నారు. ముక్క నచ్చినప్పుడు ఒక్కసారైనా ఆ సినిమా మొత్తం చూడమని నేను అడిగేది ఇందుకే. కోడి బిట్టు దానివల్ల చెడదు. పత్రిక సీను దానివల్లే బతుకుతుంది.

మొన్న సాయంత్రం మా వాకిట్లో పిల్లలు ఆడుతూ ఢీకొట్టుకున్నారు. ఒకడు మా తమ్ముడి కొడుకు, ఇంకొకడు ఆ బెంగాలీ పెద్దావిడ మనవడు. మావాడు ఏడుపు ఆపుకుని, కొమ్ములొస్తాయని చెప్పడానికి హిందీ మాట వెతుక్కుంటున్నాడు. ఈలోగా ఆ పిల్లాడే తల వంచి ముందుకొచ్చాడు. బెంగాలీ అమ్మమ్మలు కూడా మనవలకి ఇదే మాట చెబుతారని పెద్దావిడ నవ్వుతూ చెప్పింది. పిల్లలిద్దరూ మెల్లగా రెండోసారి తలలు తాకించుకుని మళ్లీ ఆటలో పడ్డారు. వాళ్లలో ఎవరూ 'బొమ్మరిల్లు' చూడలేదు.