చెత్తను కాంతితో తూచే యంత్రం

కన్వేయర్ బెల్టు మీద పలచగా పరుచుకున్న చెత్తపై హాలోజెన్ దీపాల వెలుగు పడుతుంది. తిరిగొచ్చిన వెలుగును పైనున్న సెన్సర్ అందుకుని ఏ ముక్క ఏ పదార్థమో తేలుస్తుంది. బెల్టు అంచున వరసగా అమర్చిన గాలి కవాటాల్లో తగినది మిల్లీసెకన్లలో తెరుచుకుని, ఎంచిన సీసాను మాత్రం అవతలి తొట్టిలోకి ఎగరగొడుతుంది. సెకనుకు దాదాపు 3 మీటర్ల వేగంతో బెల్టు పరుగెడుతుండగానే ఇదంతా జరిగిపోతుంది.

ఇక్కడ పని చేసేది కంటికి కనపడని పరారుణ కాంతి. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు రంగుకు అవతల ఉంచిన థర్మామీటరు మరింత వేడెక్కడం చూసి దాన్ని కనిపెట్టాడు. అందులో దృశ్యకాంతిని ఆనుకుని ఉన్న భాగాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికా వ్యవసాయ శాఖలో ఇంజనీరు కార్ల్ నారిస్ ధాన్యంలో తేమ కొలవడానికి దాన్ని వాడుకలోకి తెచ్చాడు. చెత్త యంత్రానికి మూలపురుషుడు గింజలు పరీక్షించే పెట్టె అన్నమాట!

ప్యాకింగ్ వ్యర్థాల బాధ్యతను తయారీదారులకే అప్పగిస్తూ జర్మనీ 1991లో చట్టం చేసింది. వచ్చిపడే ప్లాస్టిక్‌ను వేరుచేయడం మనుషుల వల్ల కాలేదు. ఆ దశాబ్దంలోనే నార్వే సంస్థ టైటెక్ సెన్సర్ యంత్రాలతో ముందుకొచ్చింది. 2004లో ఆ సంస్థను టోమ్రా అనే మరో కంపెనీ కొనేసింది.

ప్రతి ప్లాస్టిక్‌లోని అణుబంధాలు తమకంటూ కొన్ని తరంగదైర్ఘ్యాలను మింగుతాయి. మంచినీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ 1660 నానోమీటర్ల దగ్గర, పాలిథిన్ 1730 దగ్గర, నీరు 1450 దగ్గర కాంతిని పీల్చుకుంటాయి. అందుకే రకంతోపాటు తేమ కూడా అంచనాకు దొరుకుతుంది. కార్బన్ బ్లాక్ కలిపిన నల్ల ప్లాస్టిక్ మాత్రం కాంతినంతా మింగేసి సెన్సర్ కన్నుగప్పుతుంది.

రీసైక్లింగ్‌కు పనికిరానిది ఇంధనం కావాలంటే లెక్క వేరు. తేమ ఎక్కువైతే మంట నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. పీవీసీలోని క్లోరిన్ బాయిలర్ గొట్టాలను తినేస్తుంది. సెన్సర్ పీవీసీని ముందే ఏరేస్తుంది. కిలోకు 1500 కిలోకేలరీలు, ఆపైన వేడినిచ్చే, రీసైకిల్ కాని చెత్తను డంపింగ్ యార్డులో పూడ్చరాదని, ఇంధనంగా వాడాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెప్పాయి.

తెలుగు నేలపై చెత్తను ఇంధనంగా వాడే ప్రయత్నం పాతదే. 2003లో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్ల, విజయవాడలో 6 మెగావాట్ల విద్యుత్ ప్లాంట్లు చెత్త ఇంధనంతో మొదలయ్యాయి. తడి, పొడి కలిసిపోయిన చెత్తకు అంత మండే గుణం ఎక్కడిది? పంట వ్యర్థాలను తోడు తెచ్చుకున్నా అవి నిలవలేదు. ఆ తర్వాత 2020లో హైదరాబాద్ జవహర్‌నగర్‌లో, మరికొంత కాలానికి గుంటూరు, విశాఖల్లో కొత్త ప్లాంట్లు వచ్చాయి.

అయితే నెల్లూరుకు పడమటి దిక్కున ఉదయగిరి, ఆత్మకూరు వంటి చిన్న ఊళ్లలో వచ్చే చెత్త గంటకు టన్నుల కొద్దీ మింగే సెన్సర్ యంత్రానికి చాలదు. అక్కడ ఏరివేత పారిశుద్ధ్య కార్మికులు, పాత సామాన్లు కొనేవాళ్ల చేతుల మీదే సాగాలి. ఊళ్లన్నిటి పొడి చెత్తను ఒకచోటికి చేర్చే ఏర్పాటు ఉంటేనే సెన్సర్ గిట్టుబాటవుతుంది. అదీ ఇంటి గుమ్మంలోనే తడి, పొడి వేరైతేనే.