ఆడు తొడా ఆకు, మేక మేయని ఆకు

తళవాయిపురం వైపు కంచెలలో అడ్డసరం చెట్టు చూడనివారు వుండరు. తమిళంలో దానిని ఆడాతొడై అంటారు. ఆడు, అంటే మేక, తాకనిది అని అర్థం చెబుతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు ఇక్కడొక చిక్కు వున్నది. తెలుగులో ‘మేకమేయని ఆకు’ వేరొక తీగె. వెర్రిపాల, కుక్కపాల అన్నా అదే, తమిళులకది నంజరుప్పాన్. రెండింటినీ ఉబ్బసానికి వాడతారు గనుక, ఒకటి అడిగి మరొకటి తెచ్చుకొనే ప్రమాదం మన ఇళ్ళలోనే ఎక్కువ.

అడ్డసరపు ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసికొని రసాయనికులు బ్రోంహెక్సిన్ అనే మందు తయారుచేశారు. 1963లో అమ్మకానికి వచ్చిన ఆ మందు నేటికీ దగ్గు సిరప్పులలో వున్నది. కాని దాని పని కఫాన్ని పలుచన చేయడం. ఉబ్బసంలో ఊపిరి గొట్టాలు వాచి బిగుసుకుంటాయి. కషాయంతో దగ్గు తేలికపడిందనే అవ్వ మాటను మేము కాదనము. ఉబ్బసం కుదిరిందనడం వేరు సంగతి. గర్భిణులు మాత్రం దాని జోలికి పోరాదు.

ఇక ఆ తీగె కథ. ఢిల్లీ వల్లభభాయి పటేల్ ఛాతీవ్యాధుల సంస్థలో శివపురి గారు, వారి సహచరులు ఉబ్బస రోగులచేత రోజుకొక ఆకు చొప్పున ఆరు రోజులు నమిలించి చూశారు. ఉత్తుత్తి ఆకు తిన్నవారికంటె వీరికి ఎక్కువ గుణం కనిపించిందని 1969లో ప్రకటించారు. నోరు పూయడం, వాంతి, ఉప్పు రుచి తెలియకపోవడం కూడ కనిపించాయి. 1979లో మరికొందరు అదే విధంగా పరీక్షించగా, అసలు మందుకూ ఉత్తుత్తి మందుకూ భేదం తేలలేదు. మొదటి వార్త ఊరంతా తిరుగుతుంది, రెండవది గడప దాటదు!

ఆయాసం వచ్చినవారికి గాబరా తోడుగా వస్తుంది. ఊపిరాడక భయం, భయంతో మరింత ఆయాసం. అందుకని పెన్నేరు దుంప పొడి, అంటే అశ్వగంధ, తమిళంలో అముక్కరా, పాలలో కలుపుకొనేవారున్నారు. ఆందోళన కొంత తగ్గినట్లు చిన్న చిన్న పరిశీలనలలో తేలిన మాట నిజమే. అరుదుగా కాలేయం చెడిన సంగతులు కూడ నమోదైనవి. డెన్మార్క్ దేశం 2023లో దానిని నిషేధించింది. థైరాయిడ్ మాత్రలు వేసికొనేవారు అడగకుండా వాడరాదు.

రాజపాళయం నూలుమిల్లుల ఊరు గనుక మరొక మాట. వారపు సెలవు తరువాత పనికి వెళ్ళిన మొదటిరోజే రొమ్ము పట్టివేస్తే, అది దూది ధూళి వల్ల కావచ్చు. దానికి ఆకులు వెదుకుతూ కాలం గడపకుండా డాక్టరుకు ఆ రోజు సంగతి విడిగా చెప్పవలె.

అలవాటవుతుందన్న భయంతో పీల్చే మందు మానివేసి పొడిని నమ్ముకున్నవారిని మేమెరుగుదుము. వాపు తగ్గించే ఆ మందు మత్తుమందు వంటిది కాదు. ఆపితే వాపు తిరిగి వస్తుంది. పొడి తింటున్న సంగతి డాక్టరు కోప్పడతాడని చాలామంది దాస్తారు. పొట్లం సంచిలో వేసికొని వెళ్ళి చూపించండి, పేరు రెండు భాషలలోనూ చెప్పండి.