అమ్మ నడుం వంగితే కూతురి నడుమూ వంగాలా?

"మా అమ్మ నడుం వంగిపోయింది. మా అమ్మమ్మదీ అంతే. ఇక నాకూ తప్పదు." ఈ మాట చాలామంది అంటుంటారు. ఇందులో నిజం ఎంతో చూద్దాం.

ఎముక రాయిలాంటిది కాదు. అందులో రోజూ కొంత కరుగుతుంది. కొంత కొత్తగా చేరుతుంది. వయసులో ఉన్నప్పుడు చేరేదే ఎక్కువ. ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను ఎముకకు కాపలా కాస్తుంది. ముట్లు ఆగిపోయే వయసులో ఆ హార్మోను బాగా తగ్గిపోతుంది. అప్పటినుంచి కొన్నేళ్ళపాటు ఎముక త్వరగా తరుగుతుంది. గుల్లబారుతుంది. నొప్పేమీ ఉండదు. కాలుజారి పడి మణికట్టో తుంటో విరిగినప్పుడే సంగతి బయటపడుతుంది.

మన పల్లెల్లో నలభై ఏళ్ళు రాకముందే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎందరో! దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈ తరుగు అప్పుడే మొదలవుతుంది. ఆపరేషనుకు ముందే ఈ సంగతి డాక్టరుని అడగాలి.

ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి. తిన్న కాల్షియం పేగుల నుంచి ఒంటికి పట్టాలంటే డి విటమిను కావాలి. ఎండ తగిలితే మన చర్మమే దాన్ని తయారుచేస్తుంది. కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. అప్పుడది తాళంచెవిలా పనిచేస్తుంది. పేగుల్లోని కణాల్లో దానికి సరిపోయే తాళం ఉంటుంది. ఆ తాళం ఎలా తయారవ్వాలో చెప్పేది జన్యువు. జన్యువులు మనకు సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. అందుకే ముక్కూ మొహంలాగే ఈ తాళాల జన్యువులోనూ మనిషికీ మనిషికీ చిన్న చిన్న తేడాలుంటాయి.

1994లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ శాస్త్రవేత్తలు ఒక మాట చెప్పారు. ఎముక గట్టిదనాన్ని చాలావరకు ఈ ఒక్క జన్యువే తేలుస్తుందన్నారు. 1997లో వాళ్ళే తమ పరిశోధనలో పొరపాటు దొరికిందని, దాని ప్రభావం అంత లేదని ఒప్పుకున్నారు. 2006లో యూరప్‌లో 26 వేల మందికి పైగా పరీక్షించి చూశారు. ఆ తేడాలకూ ఎముక గట్టిదనానికీ సంబంధం కనబడలేదు.

మరి వంశం మాట ఉత్తదేనా? కాదు. కవల పిల్లల మీద చేసిన పరిశోధనల్లో, ఎముక గట్టిదనంలోని తేడాల్లో సగానికి పైగా పుట్టుకతో వచ్చేవే అని తేలింది. అయితే అది ఒక్క జన్యువు పని కాదు. ఇప్పటికి అయిదు వందలకు పైగా చోట్ల తేడాలు దొరికాయి. ఒక్కొక్కటి చేసేది రవ్వంత. అమ్మకు తుంటి విరిగి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అదే పెద్ద ఆనవాలు.

మిగిలింది తిండి, ఎండ, పని. వంద గ్రాముల బియ్యంలో కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములే. అంతే రాగుల్లో దాదాపు 350 ఉంటుంది. మన అమ్మమ్మలు తాగిన అంబలి ఊరికే పోలేదు! పాలు, పెరుగు, నువ్వులు కూడా మంచివే.

2007లో తిరుపతి ప్రాంతపు పరిశోధన ఒకటి వెలువడింది. పల్లెవాళ్ళకు పట్నంవాళ్ళ కంటే డి విటమిను ఎక్కువ ఉంది. కారణం ఎండలో పని. కాల్షియం మాత్రం ఇద్దరి తిండిలోనూ తక్కువే. పొద్దుటి లేత ఎండలో డి విటమిను అంతగా తయారుకాదు. మధ్యాహ్నం వేళ చేతులకూ కాళ్ళకూ కాసేపు ఎండ తగలాలి. నల్లని చర్మానికి ఇంకొంచెం ఎక్కువసేపు కావాలి. వడగాడ్పుల రోజుల్లో మాత్రం వద్దు.

విటమినే కదా అని సొంతంగా పెద్ద మోతాదు ఇంజెక్షన్లు వేయించుకోకండి. ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది ఆడవాళ్ళ మీద ఒక పరీక్ష చేశారు. వాళ్ళలో సగంమందికి ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్ల డి విటమిను ఒకేసారి ఇచ్చారు. 2010లో ఫలితం వచ్చింది. విటమిను తీసుకున్నవాళ్ళే ఎక్కువసార్లు పడ్డారు. వాళ్ళకే ఎముకలూ ఎక్కువగా విరిగాయి.