కరెంటు తీగలో పాట ఉండదు

ఖరీదైన ఆడియో పరికరాలు అమ్మే చోట బొటనవేలంత లావున, పైన నైలాన్ అల్లికతో, బంగారు పూత ప్లగ్గుతో పవర్ కేబుళ్ళు కనిపిస్తాయి. ధర వేలల్లో మొదలై లక్షలు దాటుతుంది. పొడవు చూస్తే మీటరున్నర. ఆంప్లిఫయర్‌తో వచ్చిన మామూలు కేబుల్ తీసేసి ఇది తగిలిస్తే గాయకుడి గొంతు తేటపడుతుందనీ, మృదంగం తొప్పి నాదం లోతుగా పలుకుతుందనీ చెబుతారు. ఆంప్లిఫయర్‌లో లోపం లేకుండా, కేబుల్ తగినంత మందంగా, ప్లగ్గు బిగుతుగా ఉన్న ఇంట్లో ఇది జరిగే పని కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఆంప్లిఫయర్ మూత తీసి చూడాలి.

స్పీకర్ తీగలో ప్రవహించేది పాట. పవర్ కేబుల్లో వచ్చేది వట్టి కరెంటు, మిక్సీకీ ఫ్యానుకీ వచ్చే 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏసీయే. ఆంప్లిఫయర్ దాన్ని ఉన్నదున్నట్టు వాడుకోదు. ముందు ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, డయోడ్లు ఏసీని ఒకే దిశకు మళ్ళిస్తాయి, ఆ తర్వాత చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్లు దాన్ని నిలవ చేసి నిలకడైన డీసీగా ఇస్తాయి. మేడ మీద నీళ్ళ ట్యాంకు చేసే పనే ఇది. మోటారు ఆగి ఆగి నీళ్ళు తోసినా కుళాయి ధార మాత్రం తెగదు. ఈ ట్యాంకు సెకనుకు 100 సార్లు నిండుతుంది. పాటకు కావలసిన శక్తి దీన్నుంచే వెళుతుంది. గోడలోంచి వచ్చే హెచ్చుతగ్గులు పాట దాకా చేరకుండా ఆపడానికే ఇంత ఏర్పాటూ.

తబలా దెబ్బ పడ్డప్పుడు ఆంప్లిఫయర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్నని తీగ దాన్ని అందించలేదు అన్నది కేబుల్ పక్షాన వినిపించే గట్టి వాదన. లెక్క వేసి చూద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పోనూ రానూ కలిపి 3 మీటర్లు అంటే నిరోధం సుమారు 0.035 ఓం. కెపాసిటర్లు నిండే క్షణంలో 10 ఆంపియర్లు లాగాయనుకున్నా తగ్గేది 0.35 వోల్టు. ఏసీ శిఖరం దగ్గర ఉండే 325 వోల్టుల్లో అది వెయ్యో వంతు. వంటింట్లో ఫ్రిజ్ మోటారు మొదలైనప్పుడు పడే వోల్టేజీ దీనికంటే చాలా ఎక్కువ. దాన్ని చలించకుండా తట్టుకునే ఆంప్లిఫయర్ ఈ వెయ్యో వంతును పాటలోకి రానివ్వదు. పైగా వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభాలూ మీటరూ గోడలో పైపులూ దాటి వచ్చిన కరెంటు అది. ఆ దారంతా అలాగే ఉండగా చివరి మీటరున్నర తీగ దాన్ని మార్చలేదు.

కరెంటుతో పాటు వచ్చే రొద మాటేమిటని అడగవచ్చు. స్పీకర్లోంచి సన్నగా, ఆగకుండా గుయ్‌మనే శబ్దం చాలా ఇళ్ళలో ఉన్నదే. అది సాధారణంగా పవర్ కేబుల్ నాణ్యత వల్ల రాదు. టీవీ, కేబుల్ డబ్బా, ఆంప్లిఫయర్ వేర్వేరు చోట్ల ఎర్త్‌కు కలిసి, వాటి మధ్య ఆడియో తీగలు ఉన్నప్పుడు ఏర్పడే చుట్టులోంచి వస్తుంది. అన్నిటినీ ఒకే బోర్డుకు తగిలిస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. ఆ శబ్దం పోవాలని కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తారు. అది ప్రాణం మీదికి తెచ్చే పని, ఎవరూ చేయకూడదు. ప్లగ్గు పిన్ను నల్లబడి, సాకెట్లో కదులుతూ, ముట్టుకుంటే వేడిగా ఉంటే మాత్రం మార్చి తీరాలి. అందుకు ఐఎస్ఐ గుర్తున్న మామూలు ప్లగ్గూ సాకెట్టూ చాలు.

అయినా కేబుల్ మార్చాక తేడా విన్నామనే వాళ్ళున్నారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని అనడం అన్యాయం. మనం చెవులతోనే వినం. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ప్రచురించిన ప్రయోగంలో స్పీకర్లు కళ్ళకు కనిపించినప్పుడు శ్రోతలు వేసిన మార్కులు, తెర వెనక ఉన్నప్పుడు వేసిన మార్కులతో కలవలేదు. పవర్ కేబుళ్ళ మీద కూడా అలాంటి పరీక్ష జరిగింది. 2004లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆడియో అభిమానులను కూర్చోబెట్టి, ఏది తగిలించారో చెప్పకుండా, ఖరీదైన కేబుళ్ళతోనూ మామూలు వాటితోనూ పాటలు వినిపించారు. వచ్చిన 149 జవాబుల్లో సరైనవి 73. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి. కేబుల్ మార్చే వ్యవధిలో చెవి జ్ఞాపకం చెదిరిపోతుంది కాబట్టి ఆ పరీక్ష చెల్లదని ఒక అభ్యంతరం ఉంది. వ్యవధి సంగతి నిజమే. కానీ ఇంట్లో కేబుల్ మార్చేటప్పుడు కూడా ఆంప్లిఫయర్ ఆపక తప్పదు. అక్కడ చెదిరే జ్ఞాపకం ఇక్కడ చెదరకుండా ఎలా ఉంటుంది?

అదే డబ్బుతో స్పీకర్లను మూలలోంచి ముందుకు జరిపి, బోసిగా ఉన్న గోడకు మందపాటి తెర వేసి, నేల మీద తివాచీ పరిస్తే తేడా ఇంట్లో వాళ్ళందరికీ వినిపిస్తుంది. ఇక కేబుల్ అమ్మేవారు తమ మాట రుజువు చేయడం కష్టమేమీ కాదు. కేబుల్ ధ్వనిని మారిస్తే ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు వెళ్ళే సంకేతం మారాలి. ఒకే పాటను రెండు కేబుళ్ళతో వాయించి, ఆ సంకేతాన్ని స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర రికార్డు చేసి, కంప్యూటర్లో ఒకదాన్నుంచి మరొకటి తీసేయవచ్చు. చెబుతున్న ఆ తేటదనమూ లోతూ నిజంగా ఉంటే, మిగిలిన శేషంలో అవి చెవికి వినిపించాలి. డబ్బు చెల్లించే ముందు ఆ శేషాన్ని వినిపించమని అడిగే హక్కు కొనేవారికి ఉంది.